ఫిల్ము ఫోటో – డిజిటల్ ఫోటో : ఒక పరిశీలన



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠంలాంటి వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము చాలా ఆలోచించాం. మేము ఈ హాస్టల్లోనే 2018లో పదో తరగతి పూర్తి చేసి, ఇప్పుడు ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదివాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి వాళ్లం మేమే. మా అమ్మానాన్నల పెళ్లి ఫోటో మా ఇంట్లో లేదు, అసలు తీయించలేదు. మా చిన్నప్పటి ఒకే ఒక్క ఫోటో రేషన్ కార్డు కోసం తీయించినది. అందుకే కాబోలు, ఫోటో అంటే మాకు చిన్నప్పటి నుంచి మోజు. చేతిలో నాలుగు డబ్బులు మిగిలినప్పటి నుంచి ఫిల్ము కెమెరాతోనూ, డిజిటల్ కెమెరాతోనూ ఫోటోలు తీస్తున్నాం. ఈ రెండింటిలో ఏది మేలు, సరదాగా ఫోటోలు నేర్చుకోవాలనుకునే విద్యార్థి దేనితో మొదలుపెట్టాలి అన్నదే ఈ వ్యాసం.

కానీ ముందుగా ఒక సంగతి చెప్పాలి.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

మా పదో తరగతి వీడ్కోలు సభ రోజున మా ట్యూటర్ సార్ తన ఫోనుతో నూట నలభై దాకా ఫోటోలు తీశారు. ప్రింట్లు తర్వాత వేయిద్దామన్నారు. వేసవి సెలవుల్లో ఆ ఫోనులోని మెమరీ కార్డు పాడైపోయింది. ఫోటోలు ఇంకెక్కడా లేవు. మా బ్యాచ్ మొత్తానికి ఒక్క గ్రూపు ఫోటో కూడా మిగల్లేదు. తప్పు సార్‌ది కాదు. ఒక్కచోటే ఉంచితే పోతుందని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

2021లో మా బ్యాచ్ మిత్రుడొకడు జ్వరంతో చనిపోయాడు. పెద్దకర్మ నాడు మేమంతా వెళ్లాం. వాళ్లమ్మ మా చేతులు పట్టుకుని, "మీ దగ్గర మావాడి ఫోటో ఏదన్నా ఉందా నాయనా?" అని అడిగింది. మా దగ్గర లేదు. చివరికి హాల్ టికెట్టు కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు ఫోటో తాలూకు ఫైలు స్టూడియోలో దొరికింది. దాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. ముఖం మసకమసకగా, గళ్లుగళ్లుగా వచ్చింది. అది అలా ఎందుకు వచ్చిందో మాకు తర్వాత చదువులో అర్థమైంది. ఈ వ్యాసం చదివాక మీకూ అర్థమవుతుంది.

ఫిల్ము మీద బొమ్మ ఎలా పడుతుంది?

పదో తరగతి రసాయన శాస్త్రంలో కాంతి వల్ల జరిగే వియోగం గురించి చదివే ఉంటారు. లేత పసుపు రంగులో ఉండే సిల్వర్ బ్రోమైడ్‌ను ఎండలో పెడితే బూడిద రంగులోకి మారుతుంది. కాంతి తగిలి అది వెండిగానూ, బ్రోమిన్‌గానూ విడిపోతుంది. పరీక్షలో రెండు మార్కులకు వచ్చే ఈ చర్య మీదే నూటయాభై ఏళ్లకు పైగా ప్రపంచంలోని ఫోటోలన్నీ నడిచాయి.

ఫిల్ము అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద జిలాటిన్ అనే జిగురులో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల రేణువులను కలిపి పూస్తారు. కెమెరా బటన్ నొక్కగానే షట్టర్ రెప్పపాటు తెరుచుకుంటుంది. లెన్సు గుండా వచ్చిన కాంతి ఆ రేణువులను తాకుతుంది. అయితే అప్పుడే బొమ్మ కనబడదు. కాంతి తగిలిన ప్రతి రేణువులోనూ కొద్దిపాటి వెండి పరమాణువులు ఏర్పడి ఊరుకుంటాయి. దీన్ని దాగి ఉన్న బొమ్మ అనవచ్చు.

ఆ ఫిల్మును పూర్తి చీకటిలో డెవలపర్ అనే ద్రావణంలో ముంచితే, కాంతి తగిలిన రేణువులు మొత్తం నల్లని వెండిగా మారతాయి. తర్వాత హైపో ద్రావణంలో, అంటే సోడియం థయోసల్ఫేట్‌లో, వేస్తే కాంతి తగలని రేణువులు కరిగి కొట్టుకుపోతాయి. ఇక దాన్ని వెలుతురులోకి తెచ్చినా భయం లేదు. ఈ పనినే స్టూడియో వాళ్లు 'రీలు కడగడం' అంటారు.

వెలుతురు ఎక్కువ పడ్డచోట వెండి ఎక్కువ కాబట్టి అక్కడ నలుపు, తక్కువ పడ్డచోట తెలుపు. అంటే తెల్లచొక్కా నల్లగా, నల్లజుట్టు తెల్లగా కనబడుతుంది. ఇదే నెగెటివ్. దీని గుండా కాంతిని పంపి కాగితం మీద మళ్లీ అదే పని చేస్తే నలుపు తెలుపులు తారుమారై అసలు బొమ్మ వస్తుంది. కలర్ ఫిల్ములో నీలం, ఆకుపచ్చ, ఎరుపు కాంతులకు వేరువేరు పొరలుంటాయి. వెండి స్థానంలో చివరకు రంగులు మిగులుతాయి. అంతే తేడా.

డిజిటల్ కెమెరాలో ఏం జరుగుతుంది?

డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండవలసిన చోట సిలికాన్‌తో చేసిన సెన్సార్ ఉంటుంది. దాని మీద లక్షల సంఖ్యలో చిన్నచిన్న గదులుంటాయి. ఒక్కో గదిని పిక్సెల్ అంటాం. వానకు ఆరుబయట వరుసగా బకెట్లు పెట్టినట్లు ఊహించండి. వాన ఎక్కువ పడ్డ బకెట్లో నీళ్లు ఎక్కువ. అలాగే కాంతి ఎక్కువ తగిలిన పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు ఎక్కువ పోగవుతాయి. కెమెరా ఒక్కో బకెట్‌ను కొలిచి ఒక అంకె వేస్తుంది. మామూలు ఫోటో ఫైలులో ఈ అంకె 0 నుంచి 255 వరకు ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లని తెలుపు.

సెన్సార్‌కు రంగు తెలియదు. అందుకని ప్రతి పిక్సెల్ మీద ఒక రంగు అద్దం అమరుస్తారు. సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఈ అమరిక కనిపెట్టింది కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్. దీనికి పేటెంట్ 1976లో వచ్చింది. డిజిటల్ ఫోటోకు దారి వేసిన సి.సి.డి. అనే సెన్సార్‌ను 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. అందుకు వారికి 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కొంచెం చరిత్ర

1839లో ఫ్రాన్సులో డాగెరె పద్ధతిని లోకానికి వెల్లడించడంతో ఫోటోగ్రఫీ మొదలైందని చెబుతారు. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను అమ్మకానికి పెట్టి, నిపుణులకే పరిమితమైన విద్యను మామూలు మనుషులకు అందించాడు. 1925లో వచ్చిన లైకా కెమెరాతో 35 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రచారంలోకి వచ్చింది.

మన హైదరాబాదుకూ ఈ చరిత్రలో చోటుంది. మీరట్ దగ్గర సర్దానాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'రాజా' బిరుదు పొంది, సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆయన 1905లో కన్నుమూశాడు. ఆయన తీసిన రెండు వేలకు పైగా గాజు నెగెటివ్‌లు నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నూరేళ్లు దాటినా వాటి నుంచి ఫోటోలు తీయవచ్చు. మన దేశంలోనే ఫిల్ము తయారు చేయాలని 1960లో ప్రభుత్వం హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను నెలకొల్పింది. ఊటీలోని ఆ కర్మాగారం నుంచి 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ములు వచ్చేవి. తర్వాత అది నష్టాల్లో కూరుకుని మూతపడింది.

1975లో కొడాక్‌లోనే స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరాను తయారు చేశాడు. అందులో ఉన్నవి పది వేల పిక్సెళ్లే. ఒక్క ఫోటోను టేపు క్యాసెట్టులో ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. తన ఇంట్లో పుట్టిన బిడ్డను తానే సరిగా పెంచుకోలేక, ఆ కంపెనీ 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. అయినా ఫిల్ము పూర్తిగా చచ్చిపోలేదు. కొడాక్ ఫిల్ములు ఇప్పటికీ దొరుకుతున్నాయి. 2024లో పెంటాక్స్ సంస్థ కొత్తగా ఒక ఫిల్ము కెమెరాను విడుదల చేసింది కూడా.

పిక్సెళ్ల లెక్క

మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలని ఒక వాడుక లెక్క. 4 × 6 అంగుళాల ప్రింటుకు 1200 × 1800, అంటే 21 లక్షల 60 వేల పిక్సెళ్లు చాలు. 8 × 10 అంగుళాల ప్రింటుకు 2400 × 3000, అంటే 72 లక్షలు కావాలి. మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు. కాబట్టి 12 మెగాపిక్సెళ్ల మామూలు ఫోను కూడా ఇంట్లో గోడకు తగిలించే ఫోటోకు సరిపోతుంది. అంతకు మించిన అంకెలు చూసి ఎక్కువ డబ్బులు పెట్టనక్కరలేదు.

ఇప్పుడు మా మిత్రుడి ఫోటో సంగతికి వద్దాం. పాస్‌పోర్టు ఫోటో 35 × 45 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చొప్పున అందులో 413 × 531 పిక్సెళ్లుంటాయి. దాన్ని 8 × 10కి సాగదీస్తే అంగుళానికి యాభై చిల్లర పిక్సెళ్లే మిగులుతాయి. గుప్పెడు బియ్యం పదిమంది కంచాల్లో పరిచినట్లు! స్టూడియో ఆయన ఎంత శ్రమపడ్డా, ఫైలులో లేని వివరం ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ రోజు పెద్ద ఫైలు దాచి ఉంటే ఆ తల్లికి కొడుకు కళ్లు స్పష్టంగా కనబడేవి.

ఖర్చు లెక్క

35 మిల్లీమీటర్ల రీలులో 36 ఫోటోలు వస్తాయి. ఈ రోజుల్లో ఒక కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించడానికి అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటుతుంది. అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ సుమారు ముప్ఫై రూపాయలు. పాత ఫిల్ము కెమెరా మాత్రం బంధువుల ఇళ్లలో బీరువాల్లో ఊరికే పడి ఉంటుంది, అడిగితే ఇస్తారు. డిజిటల్‌లో ఇందుకు భిన్నం. కెమెరాకు మొదట్లో పెద్ద మొత్తం కావాలి. తర్వాత వెయ్యి ఫోటోలు తీసినా అదనపు ఖర్చు లేదు.

నేర్చుకునే దశలో పదింటిలో తొమ్మిది చెడిపోతాయి. కాబట్టి స్కాలర్‌షిప్పు మీద చదువుకునే మనం డిజిటల్‌తోనే మొదలుపెట్టాలి. ఇంట్లో వాళ్ల ఫోనైనా సరే. ఫిల్ము కోసం మెస్ డబ్బులు మిగల్చవద్దు. మేము ఒకసారి ఆ పని చేసి వారం రోజులు అటుకులతో సరిపెట్టుకున్నాం. అందుకే చెబుతున్నాం.

తెల్లచొక్కా, చామనఛాయ ముఖం

ఇది మనవాళ్లందరూ తప్పక తెలుసుకోవాల్సిన విషయం. మేము ఏడో తరగతిలో ఉండగా ఒక స్టూడియోలో ఫోటో దిగితే ముఖం మరీ నల్లగా, గుర్తుపట్టలేనంతగా వచ్చింది. అడిగితే, "మీ రంగే అంత, నేనేం చేస్తాను?" అని ఆయన నవ్వాడు. చాలా ఏళ్లు అది నిజమేనని నమ్మాం. ఫోటో అంటే సిగ్గుపడి వెనక వరుసలో నిలబడేవాళ్లం.

అది నిజం కాదు. కెమెరాలోని కాంతిమాపకం తన ముందున్నదంతా కలిపి చూస్తే మధ్యరకం బూడిద రంగు కావాలని లెక్క వేసుకుంటుంది. ముందు అరవై తెల్ల యూనిఫారాలు ఉంటే, 'అమ్మో, వెలుతురు ఎక్కువైంది' అనుకుని కాంతిని తగ్గించేస్తుంది. చొక్కాలు సరిగానే వస్తాయి, ముఖాలు నల్లబడతాయి. తప్పు మన చర్మానిది కాదు, లెక్కది. కలర్ ఫిల్ము రోజుల్లోనూ ఇదే జరిగింది. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన 'షర్లీ కార్డుల' మీద చాలా ఏళ్లపాటు తెల్లజాతి మహిళ బొమ్మే ఉండేది. ఆమె ఒంటిరంగు సరిగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్లు. 1990లలో గానీ వేరువేరు చర్మ ఛాయలున్న కార్డులు రాలేదు.

దీనికి పరిష్కారం మన చేతిలోనే ఉంది:

1. మిట్టమధ్యాహ్నం ఎండలో గ్రూపు ఫోటో తీయవద్దు. అందరినీ చెట్టు నీడలోకి, ఆకుల మధ్య నుంచి ఎండ చుక్కలు పడని చోటికి తీసుకురండి.

2. ఫోనులో అయితే తెర మీద ముఖాన్ని వేలితో తాకండి. పక్కన సూర్యుడి గుర్తు వస్తే కొంచెం పైకి జరపండి. ముఖంలో కళ్లు, బుగ్గలు తేటగా కనబడే దాకా జరపండి.

3. కెమెరా అయితే ముఖం దగ్గరకు వెళ్లి కొలత తీసుకుని, వెనక్కు వచ్చి అదే కొలతతో తీయండి.

ఇక్కడే ఫిల్ముకూ, డిజిటల్‌కూ ముఖ్యమైన తేడా ఉంది. డిజిటల్‌లో బకెట్ నిండిపోతే ఇక అంతే. 255 దాటిన తెలుపులో ఏ వివరమూ ఉండదు, తర్వాత సరిచేయలేం. నీడలో ఉన్న వివరాన్ని మాత్రం కొంతవరకు పైకి లాగవచ్చు. నెగెటివ్ ఫిల్ములో ఇందుకు తలకిందులు. కాంతి కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. అందుకే 'ఫిల్ముకు కాస్త ఎక్కువ వెలుతురు ఇవ్వు, డిజిటల్‌లో తెలుపును కాపాడు' అని గుర్తుపెట్టుకోండి. ముఖానికి వెలుతురు పెంచినప్పుడు చొక్కా తెల్లబారిపోతుందని భయమైతే నీడలోకి మారడమే మందు. నీడలో చొక్కాకూ, ముఖానికీ మధ్య తేడా తగ్గదు గానీ ఎండపొడ పోయి రెండూ కెమెరాకు అందే హద్దులో ఉంటాయి.

మూడు తాళంచెవులు

ఫిల్ము అయినా, డిజిటల్ అయినా ఫోటోకు మూడే తాళంచెవులు. లెన్సు రంధ్రం, షట్టర్ వేగం, ఐ.ఎస్.ఓ. సంఖ్య. రంధ్రం ఎంత తెరిచాం, ఎంతసేపు తెరిచాం, ఫిల్ము లేదా సెన్సార్ కాంతికి ఎంత చురుగ్గా స్పందిస్తుంది అన్నవే ఇవి. ఫిల్ములో 100 రీలు వేస్తే 36 ఫోటోలూ 100తోనే తీయాలి. డిజిటల్‌లో ఏ ఫోటోకు ఆ ఫోటో మార్చుకోవచ్చు. సంఖ్య పెంచేకొద్దీ ఫిల్ములో రేణువులు, డిజిటల్‌లో చుక్కలు కనబడతాయి.

కాంతిమాపకం లేని పాత కెమెరాకు ఒక సూత్రం ఉంది. నిండు ఎండలో రంధ్రం ఎఫ్ 16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఐ.ఎస్.ఓ. సంఖ్యకు దగ్గరగా పెట్టాలి. 100 రీలుకు సెకనులో 125వ వంతు. మేము మొదటి రీలు మొత్తం ఇదొక్క సూత్రంతోనే తీశాం. 36లో 22 ఫోటోలు బాగా వచ్చాయి.

కబడ్డీ జట్టు నెగెటివ్

కిందటి సంవత్సరం ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి ఒకరి కూతురు వార్డెన్ గారిని కలవడానికి వచ్చింది. వాళ్ల నాన్న ఆ పాప చిన్నతనంలోనే పోయారు. ఆయన పడుచుతనపు ఫోటో ఇంట్లో లేదు. 1994 కబడ్డీ జట్టులో ఆయన ఉన్నారని విని వచ్చింది. ఆఫీసు గదిలో గోడకున్న ఆ ఫోటోకు చెమ్మ తగిలి సరిగ్గా ముఖాల దగ్గరే అద్దానికి అంటుకుపోయింది. మేము మండల కేంద్రంలోని పాత స్టూడియోకు వెళ్లి అడిగాం. ఆ పెద్దాయన రేకు డబ్బాల్లో రెండు రోజులు వెతికి నెగెటివ్ తీసిచ్చారు. 120 రీలు మీద తీసిన నలుపు తెలుపు నెగెటివ్. ఒక్కో ముఖం మూడు మిల్లీమీటర్లుంది.

ల్యాప్‌టాప్‌లో తెల్లని తెర పెట్టి, దాని మీద పలుచని తెల్లకాగితం పరిచి, కొంచెం ఎత్తులో నెగెటివ్‌ను నిలిపాం. అలా ఎత్తులో ఉంచకపోతే తెర మీది చుక్కలు కూడా ఫోటోలో పడతాయి. గదిలో దీపాలు ఆర్పి, స్నేహితుడి డిజిటల్ కెమెరాకు దగ్గరి వస్తువులు తీసే లెన్సు పెట్టి, ముందు మొత్తం, తర్వాత ఒక్కొక్క ముఖం తీశాం. కంప్యూటర్‌లో నలుపు తెలుపులు తారుమారు చేశాం. పలక మీద రాసిన '1994' మొదట అద్దంలో చూసినట్లు వచ్చింది. నెగెటివ్ తిరగేసి మళ్లీ తీశాం.

ముప్ఫై ఏళ్ల కిందటి ముఖాలు తెర మీద ఒక్కసారిగా తేరుకున్నాయి. ఆ పాప చాలాసేపు చూసి, "నవ్వితే నాకూ ఇలాగే సొట్ట పడుతుంది" అంది. ఆ ఫోటోను ఫిల్ము దాచింది, డిజిటల్ బయటకు తెచ్చింది. రెండింటిలో ఏది గొప్ప అని అడిగితే మా జవాబు అదే.

దాచుకోవడం ఎలా?

నెగెటివ్‌లకు శత్రువులు చెమ్మ, వేడి, బూజు. అంచులు పట్టుకుని తీయాలి. కాగితం లేదా మంచి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన ఉంచాలి. రేకుల కప్పు కింద ఉంచవద్దు.

డిజిటల్ ఫోటోకు శత్రువు మన బద్ధకం. ప్రతి ముఖ్యమైన ఫోటో మూడు చోట్ల ఉండాలి. ఫోనులో ఒకటి, పెన్ డ్రైవ్ లేదా కంప్యూటర్‌లో ఒకటి, ఇంటర్నెట్ ఖాతాలో ఒకటి. సందేశాల ద్వారా పంపితే ఫైలు చిన్నదైపోతుంది, కాబట్టి డాక్యుమెంటుగా అసలు సైజులో పంపాలి. వీటన్నిటికీ తోడు ఏడాదికి పది ఫోటోలైనా ప్రింటు వేయించి, వెనక పెన్సిలుతో పేర్లు, తేదీ రాయాలి. పేరు లేని ఫోటో కొంతకాలానికి ఎవరిదో అయిపోతుంది.

అభ్యాసం

1. ఫోనులో వారానికి 36 ఫోటోలే తీస్తామని నియమం పెట్టుకోండి. ఆదివారం దాకా చూడవద్దు. ప్రతిదానికీ వెలుతురు ఎటు నుంచి వచ్చిందో నోటు పుస్తకంలో రాయండి. ఫిల్ము నేర్పే ఓర్పు పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

2. ఒకే మిత్రుణ్ణి ఎండలో, నీడలో, కిటికీ పక్కన మూడు ఫోటోలు తీసి పోల్చండి.

3. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను, నాన్నను, అవ్వాతాతలను పనిచేసుకుంటుండగా ఒక్కో ఫోటో తీయండి. అసలు సైజులో మూడు చోట్ల దాచండి.

అన్నలకు ఒక మనవి. మీ ఇళ్లలో ఈ హాస్టల్ నాటి నెగెటివ్‌లు, ఫోటోలు ఏవున్నా ఒక్కసారి తెచ్చి చూపించండి. స్కాన్ చేసి మీవి మీకే తిరిగి ఇస్తాం. వార్డెన్ గారు ఇందుకోసం ఆఫీసు గదిలో ఒక ఇనప బీరువా అర కేటాయించారు. ఈ ఏడాది పదో తరగతి తమ్ముళ్ల గ్రూపు ఫోటో చింతచెట్టు నీడలో తీస్తాం. అదే వారంలో అందరికీ ప్రింట్లు వేయించి ఇస్తాం. ఈసారి ఎవరూ వెనక వరుసలో తల దించుకుని నిలబడకండి.